ప్రాసెసరు మీద తెల్లరంగు

గవర్రాజుకి కంప్యూటర్ల గురించి ఉన్న జ్ఞానమంతా, ఒక ఆదివారం మధ్యాహ్నం పప్పుచారు అన్నం తిని మంచం మీద పడుకుని ఫోనులో చూసిన నాలుగు వీడియోలు. వాటిలో రెండిటికి మధ్యలో నిద్రపట్టింది. సోమవారం ఆఫీసులో నోరు మూసుకుని కూర్చుని ఉంటే ఈ కథే లేదు. కానీ గవర్రాజు నోటికి ఆ అలవాటు చిన్నప్పటినుంచీ లేదు.

సముద్రానికి రెండు వీధుల ఇవతల ఉన్న నాటుపడవల నమోదు కార్యాలయంలో అతను సీనియర్ అసిస్టెంటు. ఆ ఆఫీసు చేసే పని ఒక్కటే. వేటకెళ్ళే ప్రతి పడవకీ ఒక కార్డు ఇవ్వడం, ఆ కార్డు మీది నంబరు పడవ పక్కన తెల్లరంగుతో వేయించడం. రంగుడబ్బా, కుంచె స్టోర్ కీపర్ జోగినాయుడి అధీనంలో ఉంటాయి. నంబరు వెయ్యడం ఆ ఆఫీసు ఒంట్లో ఎంతగా ఇంకిపోయిందంటే, కుర్చీలకీ బల్లలకీ నీళ్ళ కూజాకీ గోడగడియారానికీ, ఆఖరికి కిటికీలో ఉన్న తులసి కుండీకి కూడా నంబర్లున్నాయి.

ఏటా ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పద్నాలుగు దాకా, చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట ఆపేస్తారు. గడువు తీరిన కార్డులు మార్చుకోవడానికి ఆ రెండు నెలలే అదును. సరిగ్గా ఆ అదునులో, మే మొదటి వారంలో, ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క కంప్యూటరు రెండుసార్లు దగ్గి ప్రాణం విడిచింది. అప్పటికి నలభై ఒక్క దరఖాస్తులు బల్ల మీద ఉన్నాయి.

అన్నిటికన్నా పైనున్నది సూరాడ నూకరత్నానిది. మొగుడు పోయి మూడేళ్ళయింది. పడవ ఆవిడ పేరు మీదకి మారింది. మరుదులిద్దరూ, ఇంకో నలుగురు కలాసీలూ ఆ పడవ మీదే బతుకుతున్నారు. కార్డు లేకుండా సముద్రంలోకి దిగితే మెరైన్ పోలీసులు పడవని లాక్కుపోతారు. జూన్ పదిహేను పొద్దుటికి కార్డు చేతిలో లేకపోతే ఊళ్ళో పడవలన్నీ వేటకెళ్తుంటే ఆవిడది ఇసకలో పడుంటుంది. ఈ మాట ఆవిడ రోజూ పదిన్నరకి వచ్చి చెప్పేది. గవర్రాజు రోజూ, కొత్త కంప్యూటరు వస్తోందమ్మా, అనేవాడు.

వచ్చింది. ఒకటి అడిగితే పైఆఫీసు రెండు పంపింది. ఒకటి బల్ల మీద పెట్టేది, ఒకటి చంకన పెట్టుకునేది. పైఆఫీసులో పెద్దాయనెవరో మూడు రోజుల శిక్షణకి వెళ్ళొచ్చారట. అప్పట్నుంచీ ఆధునికీకరణ అనే జ్వరం పట్టుకుంది. ఆ జ్వరంలో పుట్టిన సర్క్యులర్ కూడా పెట్టెలతో పాటు వచ్చింది. అందులో ఇలా ఉంది:

"సదరు డెస్క్‌టాప్ మరియు లాప్‌టాప్ యంత్రముల ప్రాసెసర్లను గేమింగ్ మరియు ఉత్పాదకత అను రెండు అంశములయందు నిష్పక్షపాతముగా పోల్చి, ముప్పది దినములలో నివేదిక సమర్పించవలెను. పోలిక ముగియునంతవరకు ఏ యంత్రమునకును కార్యాలయపు పని అప్పగించరాదు. ఒకదానికి ఎక్కువ, మరియొకదానికి తక్కువ పని అప్పగించినచో నిష్పక్షపాతమునకు భంగము వాటిల్లును."

పడవల ఆఫీసుకి గేమింగ్ ఎందుకని ఎవరూ అడగలేదు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనే వంశం అందరిదీ.

జిల్లా అధికారి పద్మలోచనరావు గారు సర్క్యులర్‌ని మూడుసార్లు చదివి, అసలీ ప్రాసెసర్ అంటే ఏమిటని సిబ్బందిని అడిగారు. అందరూ ఫ్యాను వైపు చూశారు. గవర్రాజు లేచి నిలబడ్డాడు. మనిషికి మెదడెలాగో దానికది అలాగని మొదలుపెట్టి ఇరవై నిమిషాలు వాయించాడు. డెస్క్‌టాప్‌లోని దానికి చోటెక్కువ, పెద్ద ఫ్యాను, గోడలోంచి నేరుగా కరెంటు, కాబట్టి ఎంతసేపైనా రొప్పకుండా పరిగెడుతుంది. లాప్‌టాప్‌లోని దానికి అదే పేరు, అదే కంపెనీ అయినా ఇరుకు పెట్టెలో బ్యాటరీ మీద బతకాలి. అందుకని తక్కువ తిని, వేడెక్కితే తనంతట తనే నెమ్మదిస్తుంది. ఇంతవరకూ చెప్పింది నిజమే. అక్కడ ఆపినా బాగుండేది. ఆపకుండా, "దాని లోపలా బయటా నాకు కొట్టినపిండి సార్," అనేశాడు.

దాంతో అతన్ని సాంకేతిక సభ్యుడిగా నియమిస్తూ అక్కడికక్కడే ఉత్తర్వు వెలువడింది. ఇక గేమింగ్‌కి ఎవరన్నది తేలాలి. పద్మలోచనరావు గారు అందరి సర్వీసు రిజిస్టర్లూ తెప్పించి తిరగేశారు. గవర్రాజు రిజిస్టరులో, మూడేళ్ళ కిందట ఆఫీసు వేళల్లో కంప్యూటరు మీద పేకాట ఆడుతూ పట్టుబడినందుకు ఇచ్చిన మెమో నమోదై ఉంది. ఆ మెమో ఇచ్చింది ఆయనే. ఇప్పుడు దాన్ని చదివి, గౌరవంగా కళ్ళజోడు తీశారు. గేమింగ్ అనుభవం ఉన్నట్టు ప్రభుత్వ రికార్డులో ధ్రువపడిన ఏకైక ఉద్యోగి గవర్రాజేనని తేల్చి, ఆ బాధ్యత కూడా అతనికే ఇచ్చారు. ఉద్యోగంలో చేరిన ఇరవై ఎనిమిదేళ్ళకి చేసిన తప్పొకటి అక్కరకొచ్చిందని గవర్రాజు లోలోపల పొంగిపోయాడు.

ఆ పూట ఇంట్లో అన్నం తింటూ "సాంకేతిక సభ్యుడు" అన్న మాట మూడుసార్లు వాడాడు. అయితే ముందు ఆ మిక్సీ సంగతి చూడమంది భార్య.

పోలికకి మొదట తుపాకులాట అనుకున్నారు. ప్రభుత్వ కార్యాలయ ఆవరణలో కాల్పులు జరపడానికి పైనుంచి రాతపూర్వక అనుమతి కావాలన్నారు పద్మలోచనరావు గారు. అనుమతి కోసం రాశారు. జవాబు రాలేదు. అందుకని కార్ల పందెం ఖాయం చేశారు. గవర్రాజు జీవితంలో సైకిలు తప్ప ఇంకోటి తోలలేదు. అయినా పొద్దున్న పదిన్నర నుంచి ఒంటిగంట దాకా డెస్క్‌టాప్ మీద, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగున్నర దాకా లాప్‌టాప్ మీద పందెం ఆడాడు. అదే మనిషి, అదే కుర్చీ, అదే టీ.

నాలుగో రోజున అధికారి గారికి ఒక పక్షపాతం కనిపించింది. లాప్‌టాప్ మీద ఆడేటప్పుడు గవర్రాజు అన్నం తిని ఉంటున్నాడు, డెస్క్‌టాప్ మీద ఆడేటప్పుడు ఉత్త ఇడ్లీల మీదే ఉంటున్నాడు. పరిస్థితులు సమానంగా లేవు. "సాంకేతిక సభ్యుడు ఉదయము కూడా పూర్తి భోజనము చేసి హాజరు కావలెను" అని మెమో వచ్చింది. పది రోజుల పాటు గవర్రాజు పొద్దున్న తొమ్మిదింటికి పప్పూ కూరా పులుసుతో భోంచేసి, మళ్ళీ ఒంటిగంటకి భోంచేశాడు. ప్యాంటు గుండీ తెగింది గానీ నిష్పక్షపాతం నిలబడింది.

ఫలితం వచ్చింది. డెస్క్‌టాప్ మీద కారు అరవై మూడుసార్లు గోతిలో పడింది. లాప్‌టాప్ మీద ముప్పై ఎనిమిదిసార్లే పడింది, ఎందుకంటే అరగంట ఆడేసరికి అది వేడెక్కి కారుని ఎద్దుబండిలా నడిపేది. దీన్నిబట్టి లాప్‌టాప్ ప్రాసెసరు ప్రజాభద్రతకి అనుకూలమని అధికారి గారు రాయబోయారు. ఆటలో వేగమే గొప్పండీ అని గవర్రాజు నసిగాడు. ప్రమాదాలు తగ్గడం తప్పెలా అవుతుందని ఆయన అడిగారు. దానికి నాలుగు వీడియోల్లో ఎక్కడా సమాధానం లేదు. మధ్యంతర నివేదిక పంపితే పైఆఫీసు నుంచి వెంటనే టపా వచ్చింది. నూటొక్క ప్రమాదాల్లో క్షతగాత్రులు ఎందరని అడిగారు. లేరని రాసి పంపారు.

ఈలోగా నూకరత్నం రోజూ వస్తూనే ఉంది. వరండాలో కూర్చుని కిటికీలోంచి గవర్రాజు కారు తోలడం చూసేది. గవర్రాజుకి వీపు మీద ఆ చూపు తగులుతూనే ఉండేది. అయినా తిరిగి చూసేవాడు కాదు, ఎందుకంటే మలుపు దగ్గర కళ్ళు పక్కకి తిప్పితే కారు గోతిలో పడేది.

ఉత్పాదకత వంతు వచ్చింది. ఆఫీసు పని ఏదీ ఇవ్వకుండా ఉత్పాదకతని కొలవాలి. అందుకని ఈ పోలిక ఫైలునే రెండిటి మీదా టైపు చెయ్యమన్నారు. ఆఫీసులో కదులుతున్న ఫైలు అదొక్కటే కూడాను. లాప్‌టాప్‌ని ఎక్కడికైనా పట్టుకెళ్ళొచ్చు, అదే దాని గొప్ప అని గవర్రాజు తన జ్ఞానం ఇంకాస్త ఒలకబోశాడు. అయితే దాన్ని తీరానికి తీసుకెళ్ళి పరీక్షించాల్సిందేనన్నారు అధికారి గారు. ఒకదానికి అవకాశమిచ్చి రెండోదానికి ఇవ్వకపోతే పక్షపాతం కాబట్టి, డెస్క్‌టాప్‌ని కూడా తీసుకెళ్ళమన్నారు.

అలా మే ఆఖరి ఎండలో ఒక తోపుడుబండి మీద డెస్క్‌టాపూ, దాని తెరా, మూటకట్టిన వైర్లూ, బల్లా కుర్చీ ఎక్కించుకుని, అటెండరు సింహాచలం ముందు లాగుతుంటే గవర్రాజు వెనక తోస్తూ ఇసకలోకి దిగారు. లాప్‌టాప్ గవర్రాజు భుజానికే వేలాడుతోంది. ఐస్ ఫ్యాక్టరీ నుంచి కరెంటు వైరు లాక్కొచ్చారు. వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళంతా వలలు ఒదిలేసి చుట్టూ చేరారు. నూకరత్నం తన పడవ నీడలో కూర్చుని ఉంది. అక్కడ గవర్రాజు, చూపు తప్పించుకోడానికి మలుపులేవీ లేక, సంగతంతా ఆవిడకి చెప్పాడు.

ఆవిడ సాంతం విని, "అదేటి బాబూ, పెద్ద బోటు ఇంజినూ తెప్ప ఇంజినూ ఇసకలో ఎట్టి ఏది మొనగాడని అడుగుతారేటి? ఎక్కడికెల్లాలి, ఎంత సరుకు తేవాలి అని సూసుకుని గదా ఇంజిను ఎంచుకుంటాం," అంది.

నాలుగు వీడియోలూ కలిపి చెప్పినదానికన్నా ఆ ఒక్కమాట మేలు. రోజంతా ఒకేచోట కూర్చుని ఆటలాడేవాడికీ పెద్ద పనులు చేసేవాడికీ డెస్క్‌టాప్, ఊరూరా తిరిగి పని చేసుకునేవాడికి లాప్‌టాప్. కార్డులు అచ్చువేసే ఆఫీసుకి రెండిట్లో ఏదైనా ఎక్కువే. గవర్రాజు ఆ మాటనే కాస్త ఇస్త్రీ చేసి, తన పేరు మీద నోట్ ఫైలులో రాశాడు. సిగ్గుపడాల్సిన పనే. పడలేదు. పద్మలోచనరావు గారు ఆ పేరా మొత్తం కొట్టేసి, "సముద్ర సంబంధ విషయము, ఈ కార్యాలయమునకు అప్రస్తుతము" అని పక్కన రాశారు.

జూన్ పది వచ్చింది. నివేదిక గడువు దగ్గరపడింది. అది వెళ్ళేముందు స్టోర్ కీపర్ వస్తువులని కళ్ళారా చూసి, నంబరు వేసి, సంతకం పెట్టాలి. జోగినాయుడు చండశాసనుడు. తన పెళ్ళిలో అప్పగింతలప్పుడు కూడా జాబితా అడిగాడని ఆఫీసులో చెప్పుకుంటారు. అతను రంగుడబ్బా, కుంచె పట్టుకుని వచ్చి సర్క్యులర్‌ మీద వేలు పెట్టాడు. పోల్చమన్నది ప్రాసెసర్లని. ఇక్కడ తనకి రెండు పెట్టెలు కనిపిస్తున్నాయే గానీ ప్రాసెసర్లు ఏవి? చూడనిదానికి సంతకం పెట్టడు, ముట్టుకోనిదానికి నంబరు వెయ్యడు.

అవి లోపలుంటాయని గవర్రాజు అన్నాడు.

"లోపలా బయటా కొట్టినపిండి అన్నారు గదండీ. తియ్యండి మరి," అన్నాడు జోగినాయుడు.

తెలీదు అనే మూడు అక్షరాల మాట అప్పుడైనా అనొచ్చు. గవర్రాజు గొంతుదాకా వచ్చింది. కానీ గుమ్మంలో సింహాచలం నిలబడి ఉన్నాడు, బల్ల వెనక పద్మలోచనరావు గారు కళ్ళజోడు సర్దుకుంటున్నారు. పరువు అనేది ఉన్నవాడికన్నా లేనివాడికే ఎక్కువ అవసరం. గవర్రాజు స్క్రూడ్రైవరు అడిగాడు.

డెస్క్‌టాప్ పొట్ట విప్పి, ఫ్యాను పీకితే, కింద బిళ్ళంత ప్రాసెసరు కనిపించింది. దాని మీద తెల్లగా ఏదో జిగురు మెత్తి ఉంది. వేడి ఫ్యానుకి అందడానికి కంపెనీవాడు పూసిన పదార్థమది. ఇదివరకే ఎవరో రంగేసి నంబరు వెయ్యకుండా వదిలేశారని జోగినాయుడు నొచ్చుకుని, గుడ్డతో శుభ్రంగా తుడిచేశాడు. పైన కంపెనీ పేరుంది. చోటు లేదు. తిరగేస్తే వెనక బంగారు చుక్కలతో ఖాళీగా కనిపించింది. కుంచెని డబ్బాలో ముంచాడు. ఆ కుంచె పడవలకి సరిపడేది. రెండొందల పన్నెండు బై ఒకటి అని వేసేసరికి ప్రాసెసరు మొత్తం తెల్లగా అయిపోయింది, దాంతోపాటు గవర్రాజు మొహమూను. కిటికీలో తులసి కుండీ పక్కన ఆరబెట్టారు.

లాప్‌టాప్‌లోది పలకకే అతుక్కుపోయి ఉంది, ఎంత లాగినా ఊడలేదు. "రెండవ ప్రాసెసరు పరిశీలనకు సహకరించలేదు" అని రిజిస్టరులో రాసుకుని జోగినాయుడు ఉన్నచోటే రంగు వేశాడు. అది కారి నాలుగు పక్కలకీ పాకింది. మళ్ళీ బిగించాక మూడు స్క్రూలు మిగిలాయి. మీటలు నొక్కితే రెండు యంత్రాల్లో దేంట్లోనూ ఉలుకూ పలుకూ లేదు.

పోలిక ముగిసిందా అని పద్మలోచనరావు గారు అడిగారు.

"రెండూ సమానమయ్యాయండీ," అన్నాడు గవర్రాజు.

నిష్పక్షపాతం అంటే ఇలా ఉండాలని ఆయన మెచ్చుకున్నారు. పోలిక పూర్తయింది కాబట్టి ఇక ఆఫీసు పని మొదలుపెట్టుకోవచ్చని అనుమతి కూడా ఇచ్చారు. మూడు రోజులు గవర్రాజు ఆ రెండు శవాల మధ్య కూర్చుని, ఎవరైనా గదిలోకి వస్తే మీటలు నొక్కుతున్నట్టు నటించాడు.

జూన్ పద్నాలుగు మధ్యాహ్నం. తెల్లారితే వేట. నలభై ఒక్కమందీ వరండాలో ఉన్నారు. నూకరత్నం మాత్రం లోపలికే వచ్చి, కొంగులోంచి ఒక పాత కార్డు తీసి బల్ల మీద పెట్టింది. అంచులు నలిగి, ఉప్పుగాలికి పసుపెక్కిన కార్డు. నీలం సిరాతో గుండ్రటి అక్షరాలు. ఆ అక్షరాలు గవర్రాజువే.

"మా ఆయన పేరున ఇది మీరే రాసిచ్చినారు బాబూ. పదకొండేల్లు ఈ కార్డుతోనే సంద్రంలోకెల్లొచ్చినాడు, ఎవుడూ ఆపనేదు. ఆ సెయ్యికేటైంది?"

గవర్రాజు ఆ కార్డుని చేతిలోకి తీసుకున్నాడు. కంప్యూటరు రాకముందు పద్దెనిమిదేళ్ళు కార్డులన్నీ అతనే చేత్తో రాశాడు. కార్డు స్పష్టంగా ఉండాలనే నిబంధనల్లో ఉంది తప్ప యంత్రం మీదే కొట్టాలని ఎక్కడా లేదు. ఆ సంగతి అతనికి తెలీక కాదు. సాంకేతిక సభ్యుడయ్యాక చేతిరాత నామోషీ అనిపించింది, అంతే. నెలరోజులు ఆరుగురి తిండిని పక్కనపెట్టి కారు తోలాడు. ఒళ్ళంతా చచ్చేంత సిగ్గు ముంచుకొచ్చి, తలెత్తకుండానే సింహాచలాన్ని పిలిచి పాత బీరువాలోంచి ఖాళీ కార్డులు తెమ్మన్నాడు.

మొదటి కార్డుకి నాలుగు నిమిషాలు పట్టింది. పదోదానికి చెయ్యి పాత నడక అందుకుంది. సాయంత్రం అయిదు లోపల నలభై ఒకటీ అయ్యాయి. గేమింగ్ నివేదిక ప్రతులు పైన పెట్టి, వాటి కింద కార్డులు పేర్చి, అధికారి గారి ముందు ఉంచాడు. సంతకాలు చేస్తూ చేస్తూ మధ్యలో ఆయన ఆగి ఇవేమిటన్నారు.

"ఉత్పాదకతండీ," అన్నాడు గవర్రాజు.

ఆయన తృప్తిగా తలూపి మిగతావాటికి కూడా సంతకాలు చేశారు.

మర్నాడు తెల్లవారుజామునే గవర్రాజు తీరానికి వెళ్ళాడు. పడవలు ఒకటొకటే కెరటాల మీదకి ఎక్కుతున్నాయి. నూకరత్నం మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, మంచినీళ్ళ డబ్బా మర్చిపోయిన మరిదిని తిట్టిపోస్తోంది. గవర్రాజుని చూడనైనా చూడలేదు. చూసి దణ్ణం పెట్టి ఉంటే అతనికి ఇంకా సిగ్గేసేది. పడవ కనుమరుగయ్యేదాకా ఉండి, చెప్పుల్లో ఇసక దులుపుకుని ఇంటికొచ్చాడు.

ఇక్కడితో అయిపోవాలి. కానీ నివేదికకి ఒక పట్టిక జతచెయ్యాల్సి ఉంది. పరీక్షా కాలంలో ఏ ప్రాసెసరు ఎన్ని కార్డులు ఉత్పత్తి చేసిందో చూపాలి. డెస్క్‌టాప్, సున్న. లాప్‌టాప్, సున్న. నలభై ఒక్క కార్డులు ఆకాశంలోంచి ఊడిపడ్డాయని రాయలేరు. అందుకని గవర్రాజు మూడో వరుస గీసి, ప్రాసెసరు పేరు అన్నచోట "గవర్రాజు" అని రాసుకున్నాడు. ఆ కాస్త గొప్పా చెప్పుకోకుండా ఉండలేకపోయాడు. పుట్టుకతో వచ్చింది పుడకలతో గానీ పోదు.

జూలైలో పైఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. అందులో ఇలా ఉంది: "పట్టికలో మూడవదిగా చూపబడిన ప్రాసెసరు పనితీరు విశేషముగా ఉన్నది. అయితే దాని వివరములు పంపబడలేదు. తయారైన సంవత్సరము, ఎంతసేపు పనిచేసిన పిదప వేడెక్కును, వేడెక్కిన పిదప వేగము తగ్గునా, గేమింగ్‌నందు సామర్థ్యమెంత అను అంశములు తెలుపవలెను. కొత్త యంత్రము కొనవలసిన అవసరము లేనట్లు భావించడమైనది. సదరు ప్రాసెసరును స్టాకు రిజిస్టరులో చేర్చి, నంబరు వేసి, ధ్రువీకరణ పంపవలెను."

గవర్రాజు బుద్ధిగా కూర్చుని పూర్తిచేశాడు. తయారీ పందొమ్మిదివందల డెబ్బై రెండు. వేడెక్కడం మధ్యాహ్నం భోజనం తర్వాత. వేగం తగ్గును. గేమింగ్‌లో నూటొక్క ప్రమాదాలు.

సంతకం పెట్టి కలం మూసేసరికి ఎదురుగా జోగినాయుడు నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో తెల్లరంగు డబ్బా, ఇంకో చేతిలో పడవల కుంచె. రిజిస్టరు తెరిచి, రెండొందల పన్నెండు బై మూడు అని చదువుకుని, కుంచె ముంచి ఆగాడు. అతనికొక ధర్మసందేహం వచ్చింది.

"ప్రాసెసరు మీదే వెయ్యాలండి, పెట్టె మీద కుదరదు. మీకది తలలో ఉన్నట్టా, చేతిలో ఉన్నట్టా?"

గవర్రాజు గడిచిన వేసవంతా ఒకసారి తలుచుకుని, చొక్కా మడత పైకి లాక్కుని కుడిచెయ్యి చాపాడు.